ఓపెన్ బుక్ పరీక్షలో నాలుగు బోల్టులు: ఒక మాల్‌ప్రాక్టీస్ విచారణ

2021లో, కరోనా రెండో వేవ్ సమయంలో, మా అటానమస్ ఇంజినీరింగ్ కాలేజీ మూడో సంవత్సరం సివిల్ విద్యార్థులకు స్టీల్ స్ట్రక్చర్స్ డిజైన్ సెమిస్టర్ పరీక్షను ఆన్‌లైన్‌లో, ఓపెన్ బుక్ పద్ధతిలో, అంటే పుస్తకాలు చూస్తూ రాసేలా, పెట్టింది. వాల్యుయేషన్‌లో కొన్ని పేపర్ల మీద అనుమానం వచ్చి అవి మాల్‌ప్రాక్టీస్ కమిటీ ముందుకు వచ్చాయి. ఎగ్జామ్ బ్రాంచ్ తరఫున ఆ కమిటీలో నేను సభ్యురాలిని. విచారణ ఎలా సాగింది, ఏం తేలింది, తర్వాత మా నియమాల కాగితం ఎలా మారింది అన్నది రాస్తున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా హాల్ టికెట్ నంబర్లు మార్చాను. లెక్క మాత్రం చెడనివ్వలేదు, ఎందుకంటే ఈ కేసంతా లెక్క మీదే నిలబడింది.

పుస్తకం అడ్డు కాదు, పక్కవాడే అడ్డు

సివిల్ వాళ్లకు ఓపెన్ బుక్ కొత్త సంగతి కాదు. స్టీల్ పేపర్ మీద ‘ఐఎస్ 800:2007, స్టీల్ టేబుల్స్ వాడుకోవచ్చు’ అని ఎప్పటి నుంచో అచ్చవుతోంది. మొదటిది స్టీల్ డిజైన్ నియమాల కోడ్ పుస్తకం, రెండోది ఉక్కు సెక్షన్ల కొలతల పట్టికలు. మెకానికల్ వాళ్లు హీట్ ట్రాన్స్‌ఫర్ డేటా బుక్‌తో హాల్లోకి వస్తారు. కోడ్ బుక్ చేతిలో ఉండి కూడా ఫెయిలయ్యేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. ఏ క్లాజు ఎక్కడ పెట్టాలో తెలియనివాడిని కోడ్ కాపాడదు. హాల్లో ఇన్విజిలేటర్ చేసేదల్లా కోడ్ బుక్ పేజీలు తిప్పి, మార్జిన్‌లో పెన్సిల్‌తో ఏమైనా రాసుకొచ్చారేమో చూడడం.

పై నుంచి కూడా అభ్యంతరం లేదు. సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ 2018 నవంబరులో తెచ్చిన పరీక్షా సంస్కరణల పత్రం ఓపెన్ బుక్‌ను మంచి పద్ధతుల్లో ఒకటిగానే చెప్పింది. 2020 ఏప్రిల్ 29న యూజీసీ ఇచ్చిన మార్గదర్శకాల్లో ప్రత్యామ్నాయ పరీక్షా విధానాల మధ్య దాని పేరు ఉంది. ఆ ఏడాది ఢిల్లీ యూనివర్సిటీ చివరి సంవత్సరం వాళ్లందరికీ ఆన్‌లైన్ ఓపెన్ బుక్ పరీక్ష పెడితే విషయం హైకోర్టు దాకా వెళ్లింది. ఆగస్టు 7న కోర్టు పరీక్షకు అనుమతిస్తూనే, జవాబులు అప్‌లోడ్ చేయడానికి అదనంగా ఒక గంట ఇమ్మంది. నెట్ లేని ఊళ్లు, స్కాన్ కాని ఫోన్లు, తెరుచుకోని పోర్టల్: అప్పటి గొడవల్లో ఎక్కువ భాగం వీటి గురించే.

మా టెన్షన్ కూడా ముందు అదే. కరెంటు పోతే ఏంటి, పీడీఎఫ్ సైజు పెద్దదైతే ఏంటి అని మీటింగుల మీద మీటింగులు పెట్టుకున్నాం. హాల్లో పుస్తకం ఉన్నా పక్కవాడు అందడు; ఇంట్లో పక్కవాడు ఫోన్‌లోనే ఉంటాడు. ఈ తేడా గురించి విద్యార్థుల చేత సంతకం పెట్టించిన హామీ పత్రంలో ఒకటే వాక్యం ఉంది: ‘పరీక్షను నిజాయితీగా రాస్తానని, ఎలాంటి మాల్‌ప్రాక్టీస్‌కు పాల్పడనని హామీ ఇస్తున్నాను.’ ఏది మాల్‌ప్రాక్టీస్ అన్నది అందులో లేదు. అది వేరే చోట ఉంటుంది.

హాలు లేని చోట హాలు నియమాలు

ఆ వేరే చోటు జేఎన్‌టీయూ రెగ్యులేషన్స్ పుస్తకం చివర ఉండే మాల్‌ప్రాక్టీస్ పట్టిక. ఒక కాలమ్‌లో తప్పు, పక్కన శిక్ష. మాలాంటి చాలా కాలేజీలు దాన్నే తెచ్చుకుని వాడుతున్నాయి. మొదటి వరసలో ఒక భాగం, పరీక్ష హాల్లో కాగితం, నోట్‌బుక్, సెల్‌ఫోన్ లాంటివి దగ్గర పెట్టుకోవడం గురించి. రెండో భాగం, ఇంకో అభ్యర్థికి సాయం చేయడం, అతని నుంచి సాయం తీసుకోవడం, ఫోన్‌లో మాట్లాడడం గురించి. శిక్ష: హాల్ నుంచి బయటికి పంపడం, సంబంధం ఉన్న అందరికీ ఆ ఒక్క సబ్జెక్టు రద్దు. ఇంకా కిందికి వెళ్తే మరో వరస వస్తుంది: కాపీ చేసినట్టు వాల్యుయేషన్‌లోనో ప్రత్యేక పరిశీలనలోనో, అంటే పేపర్‌లోని ఆధారాన్ని బట్టే, బయటపడితే ఆ సెమిస్టర్‌లో రాసిన సబ్జెక్టులన్నీ, ప్రాక్టికల్స్, ప్రాజెక్ట్ వర్క్‌తో సహా రద్దు.

ఓపెన్ బుక్ పరీక్షకు ఈ పట్టికను పక్కన పెట్టుకుని చదవండి. మొదటి భాగం చెల్లదు, పుస్తకం దగ్గర పెట్టుకోమని మనమే చెప్పాం. ‘హాల్ నుంచి బయటికి’ అన్నదానికి హాలే లేదు. ఇంటి దగ్గర రాసే పరీక్షలో చూసే మనిషి ఉండడు కాబట్టి ఏ తప్పైనా దొరికేది పేపర్‌లోనే, అంటే నేరుగా ఈ సెమిస్టర్ రద్దు వరసలోకే, అన్నిటికంటే పెద్ద శిక్షల్లో ఒకదానిలోకే, పడుతుంది. హాల్లో పక్కవాడిని అడుగుతూ దొరికితే ఒక సబ్జెక్టు పోతుంది. ఇంట్లో అదే పని చేస్తే సెమిస్టర్ మొత్తం పోతుంది. పట్టిక రాసినవాళ్ల ఉద్దేశం ఇది కానే కాదు. ఇంట్లో కూర్చుని రాసే సెమిస్టర్ పరీక్ష వాళ్ల ఊహలో లేదు.

ప్రశ్న, నంబర్లు, ఒక మెలిక

పేపర్ సెట్ చేసినాయన అనుభవం ఉన్న మనిషి. అందరికీ ఒకే లెక్క ఇస్తే నిమిషాల్లో గ్రూపులో తిరుగుతుందని ఆయనకు తెలుసు. అందుకే రెండో ప్రశ్నలో లోడ్‌ను హాల్ టికెట్ నంబర్‌కు ముడిపెట్టాడు. చివరి రెండు అంకెలు ఎన్ అనుకుంటే, ఫ్యాక్టర్డ్ లోడ్ (భద్రత కోసం పెంచి లెక్కలోకి తీసుకునే లోడ్) 150 ప్లస్ ఎన్ కిలోన్యూటన్లు. ఆ లోడ్‌కు సింగిల్ యాంగిల్ టెన్షన్ మెంబర్ (లాగే బలాన్ని మోసే ఎల్ ఆకారపు ఉక్కు ముక్క), 4.6 గ్రేడ్ ఎం20 బోల్టులతో, అంటే 20 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్నవాటితో, దాని కనెక్షన్ డిజైన్ చేయాలి.

చాలా మంచి ప్రశ్న. అయితే మన హాల్ టికెట్ నంబర్ల సంగతి తెలిసినవాళ్లకు ఇందులో రెండు చిక్కులు వెంటనే కనిపిస్తాయి. 99 దాటాక నంబర్ 100 రాదు. ఏ0, ఏ1 అని అక్షరాలు మొదలవుతాయి. రెండోది, రెగ్యులర్ విద్యార్థుల నంబర్ మధ్యలో 1ఏ ఉంటే, డిప్లొమా చేసి రెండో సంవత్సరంలో చేరిన లేటరల్ ఎంట్రీ వాళ్లకు 5ఏ ఉంటుంది. వాళ్ల వరస మళ్లీ 01 నుంచి మొదలు. కాబట్టి ఒకే క్లాసులో 12తో ముగిసే నంబర్లు రెండు ఉంటాయి, వాళ్లిద్దరి లోడూ న్యాయంగానే ఒకటి.

పరీక్ష మొదలైన కాసేపటికే ఫోన్లు. “మేడమ్, నాది ఏ3. ఏ అంటే ఎంత వేసుకోవాలి?” ఏ అంటే 10, కాబట్టి ఏ3 అంటే 103 అని డిపార్ట్‌మెంట్ నిర్ణయించి, ఆ వివరణను క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఇంకా ఏమైనా వివరణలు వస్తాయేమో, గ్రూపు చూస్తూ ఉండమని కూడా అందులో రాసింది. ఈ మెసేజ్ తర్వాత విచారణలో మా బల్ల మీదకు తిరిగొచ్చింది.

ఎవరి పేపర్లు వచ్చాయి, ఎవరివి మిగిలాయి

వాల్యుయేటర్ పంపిన నోట్‌లో ‘చాలామంది 4 బోల్టులు అనే రాశారు, నంబర్లు వేరైనా జవాబు ఒకటే’ అని ఉంది. వెంట పేపర్ల కట్ట.

మొదట చేయాల్సింది లెక్క. 4.6 గ్రేడ్ ఎం20 బోల్టు సింగిల్ షియర్‌లో, అంటే ఒకే చోట అడ్డంగా కోతకు గురయ్యేటప్పుడు, సుమారు 45.3 కిలోన్యూటన్లు మోస్తుంది. థ్రెడ్ల దగ్గర వైశాల్యం 245 చదరపు మిల్లీమీటర్లను బోల్టు అల్టిమేట్ స్ట్రెస్ 400తో గుణించి, రూట్ 3 ఇంటూ 1.25తో భాగిస్తే వచ్చేది ఇది. కాబట్టి నాలుగు బోల్టులు దాదాపు 181 కిలోన్యూటన్ల దాకా సరిపోతాయి. అంటే హాల్ టికెట్ 01 నుంచి 31 దాకా ఎవరికైనా 4 బోల్టులే సరైన జవాబు. 32 నుంచే ఐదోది కావాలి. ఈ ఒక్క గీత గీయగానే కట్టలో పెద్ద భాగం పక్కకు వెళ్లిపోయింది. వాళ్లందరూ ఒకే జవాబు రాశారు, ఎందుకంటే జవాబు అదే.

తర్వాతి జల్లెడ తప్పుల రకం. ఎం20 బోల్టుకు రంధ్రం 22 మిల్లీమీటర్లు వేసుకోవాలి. కొందరు 20 వేసి నెట్ ఏరియా (రంధ్రం పోగా మిగిలే వైశాల్యం) తీశారు. ఇది సగం క్లాసు ఏటా చేసే తప్పు. ఇద్దరి పేపర్లలో ఉన్నంత మాత్రాన ఒకరిది ఒకరు చూశారని కాదు. అందరూ చేసే తప్పు దేనికీ సాక్ష్యం కాదు. ఇంకెవరూ చేయని, చేయడానికి కారణమే లేని తప్పు ఇద్దరి దగ్గర కనిపిస్తే అది సాక్ష్యం. విచారణ కమిటీల్లో కొత్తగా కూర్చునేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే, వాళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోనిది కూడా ఇదే. రెండు పేపర్లు ఒకేలా ఉంటే చాలు, మనసు అప్పుడే తీర్పు ఇచ్చేస్తుంది.

ఇక్కడ అలాంటి తప్పు దొరికింది. 37, 44, 52, 58 నంబర్లవాళ్లు మొదటి లైనులో తమ లోడ్ తాము సరిగ్గానే రాశారు: 187, 194, 202, 208. నాలుగైదు లైన్ల తర్వాత, బోల్టుల లెక్క దగ్గర మాత్రం నలుగురి పేపర్లోనూ 162ను 45.3తో భాగిస్తే 3.58, కాబట్టి 4 అని ఉంది. 162 వాళ్ల పేపర్లోకి రావడానికి కారణమే లేదు. అది 12 నంబర్ లోడ్.

మిగిలినవాళ్లు ముగ్గురు. 35 నంబర్ అబ్బాయికి 5 రావాలి, 4 రాశాడు. 12తో ముగిసే ఇద్దరు, రెగ్యులర్ అమ్మాయి, లేటరల్ ఎంట్రీ అబ్బాయి, ఒకే అంకెలతో ఉన్నారు. వాల్యుయేటర్ నోట్‌లో ఈ ఇద్దరినీ ‘జంట’ అని రాసి ఎర్ర సిరాతో గుండ్రం చుట్టారు.

మాట్లాడితే తేలినవి

కమిటీ ఏడుగురినీ వీడియో కాల్‌లో విడివిడిగా పిలిచింది. ‘కాపీ కొట్టావా?’ అన్న ప్రశ్న వేయకూడదని ముందే అనుకున్నాం. అది అడిగితే భయపడినవాడు ఒప్పుకుంటాడు, ధైర్యం ఉన్నవాడు కాదంటాడు, మనకు తెలిసేది వాళ్ల స్వభావం మాత్రమే. బదులుగా వాళ్ల పేపరే తెర మీద పెట్టి, లైను చూపించి, ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమన్నాం.

35 నంబర్ అబ్బాయి 185ను 45.3తో భాగించి 4.08 అని రాసుకున్నాడు. “దగ్గరి అంకెకు రౌండ్ చేశాను మేడమ్, నాలుగే కదా” అన్నాడు. బోల్టుల సంఖ్యను ఎప్పుడూ పైకే తీసుకోవాలని తెలియకపోవడం డిజైన్‌లో పెద్ద లోపం. మార్కులు పోతాయి, పోవాలి కూడా. కానీ అది అతని సొంత తప్పు. కేసు లేదు.

లేటరల్ ఎంట్రీ అబ్బాయి స్టీల్ టేబుల్స్‌లో వేరే యాంగిల్ తీసుకున్నాడు, బోల్టుల మధ్య దూరం కూడా వేరుగా ఇచ్చాడు. ఆ యాంగిలే ఎందుకన్నదానికి డిప్లొమా రోజుల్లో వర్క్‌షాప్‌లో చూసిన విషయాలతో కలిపి, అడిగినదానికంటే ఎక్కువే చెప్పాడు. అంకెలు కలిసింది హాల్ టికెట్ వల్ల. ఎర్ర గుండ్రం కొట్టేశాం.

నలుగురిలో ముగ్గురు 162 దగ్గర ఆగిపోయారు. ఒకడు “ఓపెన్ బుక్ అన్నారు కదా మేడమ్, ఫోన్‌లో ఉన్నవి కూడా మెటీరియలే అనుకున్నాం” అన్నాడు. నాలుగో అమ్మాయి సూటిగా చెప్పేసింది: చిన్న గ్రూపు ఒకటి ఉంది, అందులో 12 నంబర్ అమ్మాయి తన లెక్క ఫోటో పెట్టింది, మెథడ్ చూద్దామని తెరిచి టైమ్ సరిపోక అంకెలూ దించేశాం. 12 నంబర్ అమ్మాయి కూడా కాదనలేదు. అప్‌లోడ్ చేసేశాక పెట్టాను, నా పరీక్ష అయిపోయింది కదా అంది.

ఆమె మాట నిజమే. ఆమె తొందరగా పూర్తి చేసి పేపర్ పంపేసింది. అప్‌లోడ్ గడువు ఇంకా నడుస్తోంది. పంపాక మాట్లాడుకోకూడదని మా కాగితంలో ఎక్కడా లేదు. ఇక వాట్సాప్ సంగతి ఎత్తితే, పరీక్ష మధ్యలో గ్రూపు చూస్తూ ఉండమన్నది కాలేజీయే.

హార్వర్డ్ కేసు ఎందుకు గుర్తొచ్చిందంటే

కమిటీలో సీనియర్లు సెమిస్టర్ మొత్తం రద్దు చేయాలన్నారు. పట్టికలో ఉన్నది అదే. నేను వాళ్ల ముందు పెట్టిన ఉదాహరణ 2012 నాటి హార్వర్డ్ యూనివర్సిటీ కేసు, ఎందుకంటే పని అచ్చంగా ఇదే. అమెరికన్ కాంగ్రెస్ గురించి చెప్పే ఒక కోర్సులో 279 మంది. చివరి పరీక్ష ఇంటికి తీసుకెళ్లి రాసేది. సూచనల్లో పుస్తకాలు, నోట్స్, ఇంటర్నెట్ అన్నీ వాడుకోవచ్చు, మిగతా విషయాల్లో మాత్రం దీన్ని హాల్లో పరీక్షలాగే చూడాలి, ఇతరులతో చర్చించకూడదు అని ఉంది. ఆగస్టులో యూనివర్సిటీ దాదాపు 125 మంది మీద విచారణ ప్రకటించింది. అనుమానానికి దారితీసిన చిన్న గుర్తుల్లో ఒకటి, 22,500 అన్న అంకెలో కామా తర్వాత ఒక అనవసరమైన ఖాళీ, ఒకటికి మించిన పేపర్లలో అలాగే ఉండడం. మన 162 లాంటిదే అది. 2013 ఫిబ్రవరికి విచారణ ముగిసింది. సగానికి పైగా విద్యార్థులను కొంతకాలం యూనివర్సిటీ విడిచి వెళ్లమన్నారు. మిగిలినవాళ్లలో సుమారు సగం మందిని క్రమశిక్షణ ప్రొబేషన్‌లో పెట్టారు. విద్యార్థుల వాదన ఏమిటంటే, ఆ కోర్సులో కలిసి చదవడం, నోట్స్ పంచుకోవడం మామూలే, ఎక్కడ ఆగాలో స్పష్టంగా లేదు అని. చివరికి హార్వర్డ్ 2014లో ఆనర్ కోడ్‌ను, అంటే చదువులో నిజాయితీ నియమావళిని, ఆమోదించి 2015 నుంచి అమలులో పెట్టింది.

నేను ఎత్తిచూపింది ఒకటే. హార్వర్డ్‌లో ‘ఇతరులతో చర్చించకూడదు’ అన్న వాక్యం కాగితం మీద ఉంది, అయినా అంత గొడవైంది. మన దగ్గర ఆ వాక్యమే లేదు. లేని వాక్యానికి సెమిస్టర్ తీసేస్తే అప్పీల్‌లో నిలబడదు.

అలాగని వదిలేయమని నేను అనలేదు. తన లోడ్ 187 అని రాసి, కింద 162తో లెక్క చేసినవాడికి అది తన పని కాదని తెలుసు. నియమం లేకపోయినా ఆ మాత్రం తెలుస్తుంది. శిక్ష ఎంత అన్నదే చర్చ.

తీర్పు

నలుగురికీ ఆ సబ్జెక్టు రద్దు, సప్లిమెంటరీలో రాసుకోవచ్చు. పట్టికలో పక్కవాడి సాయం తీసుకున్నందుకు ఉన్న శిక్ష ఇదే. జరిగిన పనికి అదే వరస సరిపోతుందని, పేపర్‌లో దొరికింది కాబట్టి సెమిస్టర్ రద్దు వరస అన్న వాదన ఇక్కడ పొసగదని తీర్మానంలో కారణంతో సహా రాశాం. కారణం రాయడం ముఖ్యం. తర్వాతి కమిటీ దాన్నే చూసి నడుస్తుంది.

12 నంబర్ అమ్మాయి విషయంలో కమిటీ రెండుగా చీలింది. పట్టిక ప్రకారం సాయం చేసినవాళ్లకూ అదే శిక్ష. ఆమె తండ్రి వచ్చి, “మేడమ్ గారూ, అడిగితే చెప్పింది, అంతేగా. చదివే పిల్లకు శిక్ష పడకూడదు” అన్నారు. చదివే పిల్ల అన్నది నాకు కారణంగా కనిపించలేదు. మార్కులు బాగా వచ్చేవాళ్లకు ఒక న్యాయం, రానివాళ్లకు ఒక న్యాయం ఉండదు. కానీ పంపేశాక ఫోటో పెట్టకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు అన్నది బలమైన కారణమే. లిఖితపూర్వక హెచ్చరికతో సరిపెట్టాలని ఎక్కువమంది అన్నారు, అలాగే జరిగింది. నేనూ అటే ఓటేశాను, పూర్తి నమ్మకంతో కాదు. ఆమె పేపర్ చూసి దించినవాళ్లు సబ్జెక్టు పోగొట్టుకున్నారు, ఆమె పోగొట్టుకోలేదు. ఆ నలుగురి ఇళ్లలో దీన్ని ఎలా చూసి ఉంటారో ఊహించగలను.

కొత్త కాగితం

తర్వాతి ఓపెన్ బుక్ పరీక్షకు నియమాలు ఒక పేజీలో, తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ తిరగరాశాం. ‘నిజాయితీ’, ‘అనుచిత ప్రవర్తన’ లాంటి మాటలు తీసేశాం. వాటి బదులు జరిగే పనులనే రాశాం. కోడ్, టేబుల్స్, పాఠ్యపుస్తకం, మీ సొంత నోట్స్ చూడొచ్చు. నెట్‌లో వెతకొచ్చు; ప్రశ్నను ఏ సైట్‌లోనూ పెట్టకూడదు. పేపర్ విడుదలైన క్షణం నుంచి అప్‌లోడ్ గడువు ముగిసే దాకా, మీరు ముందే పంపేసినా సరే, ప్రశ్నల గురించి ఎవరితోనూ మాట్లాడకూడదు, ఎవరి జవాబూ చూడకూడదు, మీది చూపకూడదు. సీనియర్లు, ట్యూషన్ సార్లు, ఇంట్లోవాళ్లు కూడా ‘ఎవరితోనూ’లోకే వస్తారు. ఈ ఆఖరి వాక్యం మీదే అన్నిటికంటే ఎక్కువ సేపు కూర్చున్నాం.

వివరణలు కాలేజీ పోర్టల్‌లో ఒకే చోట వస్తాయి. పరీక్ష సమయంలో క్లాస్ గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ మెసేజ్ పెట్టలేరు, వాళ్లూ పెట్టరు. లెక్కకు కావాల్సిన విలువలను హాల్ టికెట్‌కు ముడిపెట్టడం మానేసి, ప్రతి విద్యార్థికీ వేరుగా ఒక సంఖ్యను పోర్టల్‌లో ఇచ్చాం. అది ప్రతి పేజీ పైన రాయాలి. రాయడానికి ఇచ్చిన టైమ్‌లో అప్‌లోడ్ టైమ్ కలవదు. వాల్యుయేషన్ అయ్యాక కొందరిని ఎంపిక చేసి వాళ్ల పేపర్ మీదే పది నిమిషాలు మాట్లాడిస్తామని ముందే చెప్పాం. అనుమానం ఉన్నవాళ్లతో పాటు లేనివాళ్లనూ పిలుస్తాం, లేకపోతే పిలుపే అవమానం అవుతుంది.

కెమెరా పెట్టి చూస్తూ ఉండాలన్న ప్రతిపాదన వచ్చింది. ఒకే గదిలో నలుగురుండే ఇళ్లు, రోజువారీ డేటా ప్యాక్‌లు చూసి నేను వద్దన్నాను. అదీ కాక, పుస్తకం చూడమని చెప్పిన పరీక్షలో తల దించిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ గంట కొడితే ఆ గంటకు అర్థమేముంది.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక కాగితంలో ఇంకో పేరా చేరింది. ఏ ప్రశ్నకు ఏఐ వాడొచ్చో, దేనికి వద్దో పేపర్ సెట్ చేసినవాళ్లు ప్రశ్న పక్కనే రాయాలి. వాడితే ఏం అడిగారో, ఏం వచ్చిందో జత చేయాలి. ఏఐ రాసిందని కనిపెట్టే సాఫ్ట్‌వేర్ చెప్పినదాన్ని మా కమిటీ సాక్ష్యంగా తీసుకోదు. చాట్‌జీపీటీని తయారు చేసిన ఓపెన్‌ఏఐ కూడా తన డిటెక్టర్‌ను సరిగ్గా పనిచేయడం లేదని 2023 జులైలో ఆపేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పరీక్షిస్తే, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు రాసిన టోఫెల్ వ్యాసాల్లో సగటున 61 శాతాన్ని డిటెక్టర్లు ఏఐ రాసినవేనన్నాయి. ఎంఎస్‌కి వెళ్లిన మన పిల్లలు ఎవరైనా ఇలాంటి ఆరోపణలో పడి ఫోన్ చేస్తే నేను చెప్పేది ఒకటే: డ్రాఫ్టులు, నోట్స్, ఫైల్ ఎడిట్ హిస్టరీ దాచుకోండి, పేపర్ మీద ఎదురుగా మాట్లాడే అవకాశం ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి.

మా కాగితాన్ని అకడమిక్ కౌన్సిల్ ఆమోదించింది. మాల్‌ప్రాక్టీస్ పట్టికలో మాత్రం ఆ సెమిస్టర్ రద్దు వరసను ముట్టుకోలేదు. అఫిలియేషన్ ఇచ్చిన యూనివర్సిటీ పట్టికను మనం మారిస్తే రేపు ఇబ్బంది అన్నారు. అందుకని ఓపెన్ బుక్ కేసు వచ్చిన ప్రతిసారీ, ఈ వరస ఇక్కడ ఎందుకు వర్తించదో చెబుతూ తీర్మానంలో ఒక పేరా ఇప్పటికీ విడిగా రాస్తున్నాం.